ఆల్చిప్ప లార్వాను గుల్ల మీదికి దించడం: కన్ను కనిపించిన రోజు నుంచి స్పాట్ లెక్క దాకా

ఆల్చిప్ప బతుకులో ఈత రెండు మూడు వారాలే. ఆ తర్వాత ఒకచోట అతుక్కుంటే చచ్చేదాకా అక్కడే. అలా అతుక్కుని రూపం మారిన పిల్లనే స్పాట్ అంటారు. ఈ రెంటికీ మధ్య వచ్చే మూడు రోజుల మీదే హేచరీ శ్రమంతా ఆధారపడి ఉంటుంది. పదిహేను రోజులు చక్కగా పెరిగిన లార్వాలు ఆఖరి మూడు రోజుల్లో చేజారిపోవడం కొత్తగా మొదలుపెట్టిన చోట మామూలే. దానికి కారణం చాలాసార్లు రోగమూ కాదు, మేతా కాదు. దిగడానికి సిద్ధం కాని లార్వాను దించబోవడం, లేదా సిద్ధమైనదానికి నచ్చని చోటు చూపించడం.

ఇక్కడ చెప్పే కొలతలు మన తూర్పు తీరంలో ఏటి మొగల్లో, బ్యాక్‌వాటర్లలో దొరికే తినే ఆల్చిప్పవి. క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అని చాలాకాలం రాశారు, ఇప్పుడు దాన్ని మాగల్లానా బిలినియాటా అంటున్నారు. భీమిలి, కాకినాడ వైపు నీళ్లలో ఇది ఉంది. దీని హేచరీ పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1980లలో తూత్తుకుడిలో తయారు చేసింది. పసిఫిక్ ఆల్చిప్పతో అమెరికా పడమటి తీరంలో చేసే పనీ సూత్రంలో ఇదే. తేడా వచ్చేచోట విడిగా చెబుతాం.

దిగడం వేరు, మారడం వేరు

పుస్తకాల్లో ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేస్తారు. ట్యాంకు దగ్గర నిలబడ్డ మనిషికి అవి రెండు పనులని తెలిసి ఉండాలి.

మొదటిది దిగడం. లార్వా ఈత మానేసి కిందికి వస్తుంది, పాదం చాపి పాకుతుంది, చోటు చూసుకుంటుంది. నచ్చకపోతే మళ్లీ ఈతకు లేస్తుంది. ఇది ఎన్నిసార్లయినా జరగొచ్చు. రెండోది మారడం, అంటే రూపవిక్రియ. జిగురు కార్చి ఎడమ చిప్పను గుల్లకు, అంటే ట్యాంకులో వేసిన పాత ఖాళీ చిప్పకు, అంటించుకున్నాక లార్వా ఇక వెనక్కి పోలేదు. ఈదడానికి వాడిన వెంట్రుకల పొర, వీలం, రాలిపోతుంది. పాకిన పాదం ఒంట్లోకి కరిగిపోతుంది. కళ్లు మాయమవుతాయి. ముందువైపు మూసే కండరం పోయి వెనకది మిగులుతుంది. లోపలి అవయవాలు ఒక మలుపు తిరిగి కొత్త స్థానంలో కుదురుకుంటాయి, మొప్పలు విస్తరిస్తాయి. అప్పటిదాకా వీలంతోనే తిన్న జీవి ఇకమీదట మొప్పలతో వడగట్టుకుని తినాలి. పాతది పోయి కొత్తది పని మొదలుపెట్టేలోగా ఒకటి నుంచి మూడు రోజులు దానికి తిండి ఉండదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకురావాలి.

ఈ రెంటినీ నడిపే రసాయన సంకేతాలు కూడా వేరువేరని 1980లలో అమెరికాలో పసిఫిక్ ఆల్చిప్ప మీద చేసిన పరిశోధనలో తేలింది. ఎల్-డోపా అనే పదార్థం లార్వాను దిగి పాకేలా చేస్తుంది, తర్వాత మార్పూ వస్తుంది. ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) మాత్రం పాకడం, అతుక్కోవడం ఏమీ లేకుండానే నేరుగా రూపం మార్చేస్తుంది. ఈ రెండో సంగతిని హేచరీలు బాగానే వాడుకున్నాయి, దాని దగ్గరికి తర్వాత వద్దాం. అమ్మోనియా కూడా లార్వాను నేలకు దించి పాకిస్తుంది కానీ మార్పు తేలేదు. అందుకే కుళ్లు మిగిలిన గుల్లలున్న ట్యాంకులో లార్వాలు అడుగున చురుగ్గా పాకుతుంటే సంతోషించకండి. ముందు అమ్మోనియా పరీక్ష చెయ్యండి.

సిద్ధమైందని ఎలా తెలుస్తుంది

27 నుంచి 30 డిగ్రీల నీళ్లలో, ఐసోక్రైసిస్ వంటి మెత్తని ఆల్గే మేతగా ఇస్తూ పెంచితే ఎదుగుదల దాదాపు ఇలా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన 20 గంటల ప్రాంతంలో డి అక్షరం ఆకారపు లార్వా, సుమారు 66 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). వారానికి 150 మైక్రాన్ల దాకా వస్తుంది, చిప్ప పైభాగంలో గుండ్రటి బొడిపె లేస్తుంది. 13 నుంచి 17 రోజుల మధ్య 280–290 మైక్రాన్ల దగ్గర కన్ను కనిపిస్తుంది. మరో రోజు అటూ ఇటుగా 330–350 మైక్రాన్లకు వచ్చేసరికి పాదం పనిచేయడం మొదలవుతుంది. ఈ దశనే పెడివెలిజర్ అంటారు. దించాల్సింది దీన్నే.

తేదీ చూసి దించకండి. ఒకే రోజు పుట్టిన లార్వాల్లోనూ మూడు నాలుగు రోజుల తేడా ఉంటుంది. 240 మైక్రాన్ల జల్లెడ పట్టి, పైన నిలిచినవాటినే దించే ట్యాంకుకు తీసుకోండి. కిందికి జారినవి పెంపకం ట్యాంకుకు తిరిగి వెళ్లి, రెండు రోజుల తర్వాత మళ్లీ జల్లెడకు వస్తాయి. మూడు విడతల తర్వాత కూడా కిందే మిగిలినవాటిని వదిలేయడం మేలు. వాటికి పెట్టే మేత, పడే శ్రమ తిరిగి రావు.

జల్లెడ మీద నిలిచినవాటిలోంచి ఓ వంద లార్వాలను పెట్రీ పళ్లెంలో వేసి, సూక్ష్మదర్శిని కింద 40 రెట్లలో చూడండి. మూడు గుర్తులు కావాలి. చిప్ప మధ్యలో సూదిమొనతో పెట్టిన సిరాచుక్కలా నల్లటి కన్ను. కన్ను లేత గోధుమ రంగులో మసకగా ఉంటే ఇంకో రోజు ఆగాలి. రెండోది పాదం: చిప్పల సందులోంచి బయటికి చాచి, కొనతో తడిమి, ఒంటిని లాక్కుంటూ పాకుతుండాలి. మూడోది కొవ్వు: ఆరోగ్యంగా ఉన్న లార్వా లోపల జీర్ణగ్రంథి చుట్టూ మెరిసే గుండ్రటి బొట్లు కనిపిస్తాయి, మొత్తం మీద ముదురు రంగు ఉంటుంది. లోపలంతా పాలిపోయి గాజులా కనిపిస్తే అది తిండి చాలని లార్వా. అది దిగుతుంది, అతుక్కుంటుంది కూడా, నాలుగో రోజుకు చస్తుంది. కన్నున్నవి సగం దాటి, పాకేవి కనీసం మూడోవంతు ఉంటే ఆ విడత సిద్ధమైనట్టు.

అదే పళ్లెంలో శుభ్రమైన గుల్ల ముక్క ఒకటి పెట్టి అరగంట చూడండి. వెతుకులాట ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్లారా చూస్తే ఆ తర్వాత ట్యాంకులో పొరపాటు పడరు. మొదట లార్వా వీలం విప్పి ఈదుతూనే పాదాన్ని కిందికి వేలాడేసి వస్తుంది. గుల్ల తగలగానే వీలం ముడుచుకుంటుంది. కాసేపు తిన్నగా, వేగంగా పాకుతుంది. గుంట, గీత, గరుకు తగిలినచోట నెమ్మదించి, మలుపులు తిరుగుతూ వచ్చిన దారినే మళ్లీ వస్తుంది. చుట్లు చిన్నవవుతాయి. చివరికి ఒకే చోట అటూ ఇటూ ఊగి, ఎడమ చిప్పను కిందికి ఆనించి, పాదంలోని గ్రంథి నుంచి జిగురు బొట్టు వదులుతుంది. ఆ బొట్టు కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. ఆ తర్వాత సూదితో తోసినా కదలదు.

గుల్లలు, ట్యాంకు

లార్వాకు నచ్చే చోట్లలో మొదటిది తన జాతి పాత చిప్ప. పెద్ద ఆల్చిప్పలు వదిలే కొన్ని చిన్న పెప్టైడ్లను, అంటే ప్రోటీన్ ముక్కలను, లార్వా పసిగడుతుంది. సొంత జాతి ఉన్నచోట బతకొచ్చన్న లెక్క అది. గుల్ల మీద పెరిగే బ్యాక్టీరియా పొర మరో సంకేతం. అమెరికాలో ఆల్చిప్పల పెంపకం దగ్గర దొరికిన షివానెల్లా కోల్వెల్లియానా అనే బ్యాక్టీరియా మీద చేసిన పని వల్లే ఎల్-డోపా కథ మొదలైంది. మనకు కావలసిందల్లా ఈ రెండూ ఉన్న గుల్ల: పాతది, శుభ్రమైనది, పలుచని జిగట పట్టినది.

మాంసం తీసిన చిప్పలను కనీసం ఆరు నెలలు ఎండలో, వానలో బయట ఆరబోయండి. ఏడాదైతే ఇంకా మంచిది. మిగిలిన కండ ముక్కలు, లోపల ఉండే పురుగులు అప్పటికి పోతాయి. వాసన చూడండి, చేపల వాసన కొట్టకూడదు. తీర గ్రామాల్లో గుల్లలను సున్నం బట్టీలకు కొంటారు కాబట్టి మంచి గుల్లలకు పోటీ ఉంటుంది. ఏడాది ముందే కొని పోగు చేసుకోవాలి. అప్పటికప్పుడు తెచ్చిన పచ్చి గుల్లలతో పని చేస్తే ట్యాంకు నీళ్లు ఒక్క రాత్రిలో పాడవుతాయి.

వాడే వారం ముందు గుల్లలను ఒత్తిడి నీటితో కడిగి, మట్టీ దుమ్మూ పోయేదాకా తిప్పి తిప్పి కడగండి. ఆ తర్వాత 2 నుంచి 3 రోజులు సముద్రపు నీళ్లలో నానబెట్టాలి. వేలితో తాకితే కొంచెం జారుతున్నట్టు అనిపించాలి, కంటికి మాత్రం ఏమీ కనపడకూడదు. వారం పది రోజులు వదిలేస్తే పొర మందమై, బురద పట్టి, వాటి మీద ఈ లోపలే బార్నకిల్స్, గొట్టపు పురుగులు స్థిరపడిపోతాయి. మందపాటి జిగట మీద లార్వా జిగురు గుల్లకు అందదు. అది అతుక్కునేది బురద పొరకు, పొర ఊడితే అదీ ఊడుతుంది.

గుల్లలు దొరకనిచోట సున్నం పూసిన పెంకులు వాడొచ్చు. ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్‌లో 19వ శతాబ్దం నుంచి సున్నమూ ఇసుకా కలిపి పూసిన పెంకుల మీద పిల్లలను పట్టే అలవాటుంది, తూత్తుకుడిలోనూ సున్నపు పెంకులు వాడారు. సున్నం పొర పెళుసుగా ఉండడం వల్ల పిల్లలను చిట్లకుండా గోకి తీసుకోవచ్చు, అదే దాని లాభం. పూసిన పెంకులను వాడేముందు నీళ్లు మార్చి మార్చి నానబెట్టి క్షారం పోగొట్టాలి. పీహెచ్ మామూలు సముద్రపు నీటి స్థాయికి, అంటే 8 దగ్గరికి వచ్చేదాకా ఆగండి.

ట్యాంకు సంగతి త్వరగా చెప్పేస్తాం. ఫైబర్ ట్యాంకు కొత్తదైతే వారం రోజులు నీళ్లు నింపి వదిలి, రెండు మూడుసార్లు మార్చండి. సిమెంటు తొట్టి కొత్తదైతే ఇంకా ఎక్కువ. నీటి దారిలో రాగి, ఇత్తడి, జింకు పూసిన ఇనుము ఎక్కడా ఉండకూడదు. ఆల్చిప్ప లార్వాను లీటరు నీటిలో పదుల మైక్రోగ్రాముల రాగి కూడా దెబ్బతీస్తుంది. పంపు వాల్వులో ఒక్క ఇత్తడి ముక్క చాలు. క్లోరిన్‌తో శుద్ధి చేసిన నీళ్లయితే సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, పరీక్ష కాగితంతో సున్నా అని చూశాకే వాడండి.

ఎన్ని లార్వాలు వెయ్యాలి

ఒక టన్ను నీళ్లు పట్టే ట్యాంకు, అందులో వల సంచుల్లో వెయ్యి గుల్లలు అనుకుందాం. గుల్లకు 100 లార్వాల లెక్కన 1 లక్ష కావాలి. బాగా జరిగితే అందులో 20 నుంచి 30 శాతం స్పాట్‌గా మిగులుతుంది, అంటే గుల్లకు 20–30. పెంపకానికి వెళ్లేసరికి గుల్లకు 10–20 మిగిలితే చక్కటి పంట. ఒక్కో గుల్ల మీద వంద పిల్లలు కనిపిస్తే ఆ ట్యాంకు బాగా పండిందనుకోకండి. అవి ఒకదాన్నొకటి ఎక్కి, అడుగువాటికి నోరు తెరిచే చోటు లేక చస్తాయి, మిగిలినవి వంకర టింకరగా పెరుగుతాయి.

లెక్క కళ్లతో వేయకండి. జల్లెడ మీది లార్వాలను 10 లీటర్ల బకెట్టులో కలిపి, చిల్లుల పళ్లెం ఉన్న కర్రతో పైకీ కిందికీ కదుపుతూ ఉండగా పిపెట్టుతో 1 మిల్లీలీటరు తీయండి. గుండ్రంగా తిప్పకండి, సుడిలో లార్వాలు మధ్యకు చేరి లెక్క తప్పుతుంది. ఇలా 5 సార్లు. 9, 11, 12, 10, 8 వచ్చాయనుకోండి, సగటు 10. బకెట్టులో 10,000 మిల్లీలీటర్లు కాబట్టి 1 లక్ష లార్వాలు. ఐదు లెక్కల్లో ఒకటి మిగతావాటికి రెట్టింపు వస్తే కలపడం సరిగ్గా లేదని అర్థం, మళ్లీ తీయండి.

వేరే హేచరీ నుంచి లార్వాలు తెచ్చుకునే పద్ధతిని బయటిదేశాల్లో రిమోట్ సెట్టింగ్ అంటారు. పసిఫిక్ ఆల్చిప్ప లార్వాలను నైలాన్ వలగుడ్డలో ముద్దగా కట్టి, తడి కాగితం చుట్టి, సుమారు 5 డిగ్రీల చలిలో పంపిస్తారు. ఇరవై లక్షల లార్వాలు నిమ్మకాయంత ముద్ద. ఆ చలి చల్లటి నీళ్ల జాతికి అలవాటైనది. మన జాతికి అదే చలి పెట్టడం తగదు. తడిగా, నీడగా ఉంచి, అదే రోజు దించేలా ఏర్పాటు చేసుకోండి. ముద్ద ఎండితే చిప్పల అంచులు విచ్చుకుంటాయి, నీళ్లు కారేంత తడిగా ఉంటే కొన్ని వీలం విప్పి అలిసిపోతాయి. చేతి వెనకవైపు తాకిస్తే చల్లగా, తడిగా అనిపించి నీటి చుక్క అంటకుండా ఉండాలి.

దించే రోజు

సాయంత్రం మొదలుపెట్టండి. ఎండ పోతుంది, నీటి వేడి నిలకడగా ఉంటుంది, రాత్రంతా చీకటి దొరుకుతుంది.

ట్యాంకులో గుల్ల సంచులను అడుగుకు ఆనకుండా, ఒకదాన్నొకటి నొక్కకుండా అమర్చండి. అడుగున పలకల వంటిదేదైనా వేసి నాలుగైదు అంగుళాలు లేపితే నీళ్లు కిందనుంచీ తిరుగుతాయి. గోడలను అదే రోజు గట్టిగా రుద్ది కడగాలి. గోడకు జిగట పట్టి ఉంటే లార్వాకు అదీ మంచి చోటే. గోడ మీద స్థిరపడినవన్నీ నష్టమే.

1 మైక్రాన్ వడపోత నీళ్లు నింపండి. వేడి 27–30 డిగ్రీలు. సెలినిటీ, అంటే నీటి ఉప్పదనం, లార్వాలు పెరిగిన నీటికి 2 పీపీటీ (వెయ్యి భాగాల్లో 2 భాగాలు) లోపు తేడాలో ఉండాలి. 25 నుంచి 35 మధ్య ఏదైనా ఈ జాతికి సరిపోతుంది. సంఖ్య కన్నా అది మారకుండా ఉండడమే ముఖ్యం. వానాకాలంలో కాలువ నీళ్లు తోడుతుంటే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు ప్రతి గంటకూ చూడాలి.

ముందు మేత వెయ్యండి, మిల్లీలీటరుకు 30 నుంచి 50 వేల కణాల దాకా. ఇంకా ఈదుతున్నవి తింటాయి, తిని కొవ్వు నింపుకున్నదే మార్పును దాటుతుంది. తర్వాత లార్వా బకెట్టులో ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ 20 నిమిషాలు తీసుకోండి. సగానికి పైగా చురుగ్గా ఈదుతున్నాక, ట్యాంకు అంతటా పడేలా చెంబుతో పోయండి. ఒకే మూల పోస్తే ఆ మూల సంచులకే పట్టుకుంటాయి.

గాలి సన్నగా ఇవ్వండి. బుడగలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా ఉంటే చాలు. జోరుగా ఇస్తే పాకే లార్వా పట్టు తప్పి కొట్టుకుపోతుంది. నల్ల తార్పాలిన్ కప్పి పూర్తి చీకటి చేయండి. దిగే వయసు లార్వా వెలుతురుకు దూరంగా పోతుంది. ఒకవైపు నుంచి వెలుతురు పడితే అన్నీ రెండో వైపు గుల్లల అడుగుభాగానికి చేరిపోతాయి.

మొదటి 24 గంటలు నీళ్లు మార్చకండి, తార్పాలిన్ ఎత్తి చూస్తూ కూర్చోకండి. 24 గంటలు దాటాక అడుగు నుంచి సగం నీళ్లను 200 మైక్రాన్ల జల్లెడ గుండా వదిలి, జల్లెడకు చిక్కినవి ఈదుతున్నాయో చచ్చాయో చూసి, బతికున్నవి మళ్లీ ట్యాంకులోకి పోయండి. మేత మళ్లీ వెయ్యండి. 48 గంటలకు ఎక్కువభాగం తేలిపోతుంది. 72 గంటలకు ఇంకా ఈదుతున్నవి చాలావరకు ఈ విడతకు పనికిరావు.

మూడో రోజు నుంచి నీళ్లు పారనివ్వండి, మేతలో కీటోసెరోస్ అనే ఆల్గే కలపండి. ఇప్పుడు మొప్పలు పని మొదలుపెట్టి ఉంటాయి, తిండి ఆలస్యమైతే ఈ రోజుల్లోనే చావులు పడతాయి.

అతుక్కున్నదా, చచ్చి పడి ఉందా

గుల్ల మీద నల్ల చుక్కలు కనిపించగానే స్పాట్ అని లెక్కపెట్టేవారున్నారు. చచ్చిన లార్వా చిప్ప కూడా అలాగే అతుక్కున్నట్టు కనిపిస్తుంది. 10 రెట్ల లెన్సు చాలు తేడా తెలియడానికి. మార్పు దాటిన పిల్ల చుట్టూ ఒకటి రెండు రోజుల్లో పలుచని గాజు అంచు పుడుతుంది. లార్వా చిప్ప ముదురు గోధుమ రంగు గుండ్రటి బొడిపెలా మధ్యలో ఉంటుంది, దాని అంచు నుంచి పారదర్శకమైన కొత్త చిప్ప గుల్ల ఉపరితలానికి అతుక్కుని పరుచుకుంటుంది. ఈ గీత దగ్గర ఖనిజమే మారుతుంది: లార్వా చిప్ప ఆరగొనైట్, అక్కడి నుంచి పెరిగేది ప్రధానంగా కాల్సైట్. అంచు ఉంటే బతికి ఉంది, పెరుగుతోంది. అంచు లేక, చిప్పలు తెరుచుకుని, లోపల ఖాళీగా ఉంటే చచ్చింది.

వారం రోజులకు పైన, మధ్యన, అడుగున ఉన్న సంచుల నుంచి మొత్తం 20 గుల్లలు తీసి, రెండు వైపులా లెక్కపెట్టండి. పైవాటికీ అడుగువాటికీ మూడు రెట్లకు మించి తేడా వస్తే నీళ్లు తిరగడంలో, లేదా చీకటిలో లోపముంది.

తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవడం

మూడు రోజుల తర్వాత కూడా అన్నీ హాయిగా ఈదుతూనే ఉంటే, మీరు తొందరపడ్డారు. జల్లెడ మళ్లీ పట్టి కళ్లు చూడండి. కళ్లు ముదురుగానే ఉండి దిగకపోతే నీటి వేడి 25 కన్నా తగ్గిందేమో, గుల్లల మీద జిగట పట్టకుండానే వాడారేమో చూడండి. ఇలాంటి లార్వా కొన్ని రోజులు ఆగగలదు. ఆగేకొద్దీ చోటు మీద పట్టింపు తగ్గి, ఎక్కడ పడితే అక్కడ, గాలి గొట్టం మీద కూడా దిగుతుంది. కానీ ఆగిన ప్రతి రోజూ కొవ్వు కరుగుతుంది, దాని ఫలితం దిగిన తర్వాత చావుల్లో తేలుతుంది. కాబట్టి ఆగినవాటికి మేత ఆపకూడదు.

గోడల మీద బాగా పట్టి గుల్లల మీద పట్టకపోతే, గోడ మీది జిగట గుల్లల మీది జిగట కన్నా పాతదై ఉంటుంది, లేదా గుల్లల మీద మట్టి ఉంటుంది. మట్టి కోసం చూడాల్సింది గుల్ల గుంటలో. తెల్లటి గుడ్డతో తుడిస్తే తెలుస్తుంది.

రెండో రోజు నిండా పట్టి, ఐదో రోజుకు సగం ఖాళీ చిప్పలైతే రెండు దారుల్లో ఒకటి. లార్వాకు కొవ్వు చాలలేదు, లేదా మొప్పలు తెరిచిన వేళకు మేత అందలేదు. మొదటి దానికి మందు పెంపకం ట్యాంకులోనే ఉంది, ఇక్కడ లేదు. చావులతోపాటు నీళ్లు మసకబారి వాసన వస్తే విబ్రియో అనే రోగ బ్యాక్టీరియా అనుకుని ట్యాంకును పూర్తిగా తీసి కడగండి. అదే నీళ్లలో యాంటీబయాటిక్ వేసి కాపాడాలని చూడొద్దు. అది గుల్లల మీది మంచి పొరనూ చంపుతుంది, తర్వాత వచ్చే విడత కూడా వాటి మీదికి దిగదు.

విడి పిల్లలు కావాలంటే

గుల్లకు గుత్తులుగా కాక, బల్ల మీద చిప్పతో వడ్డించే రకానికి ఒక్కొక్కటిగా పెరిగిన ఆల్చిప్ప కావాలి. దానికి రెండు మార్గాలున్నాయి.

సులువైనది గుల్ల పొడి. పాత చిప్పలను దంచి, 250 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచి 350 మైక్రాన్ల జల్లెడలోంచి జారే రవ్వను తీసుకోండి. తెల్లటి నీళ్లు రాకుండా అయ్యేదాకా కడగండి. మెష్ అడుగున్న డబ్బాలో ఒకే పొరగా పరిచి, పైనుంచి నీళ్లు దిగేలా పెట్టి లార్వాలు వెయ్యండి. రవ్వ లార్వా అంత పరిమాణంలో ఉంటుంది కాబట్టి ఒక్కో రేణువు మీద రెండోదానికి చోటుండదు. దుమ్ము సరిగ్గా కడగకపోతే మెష్ మూసుకుపోయి నీళ్లు నిలుస్తాయి, ఎక్కువసార్లు చెడేది ఇక్కడే.

రెండోది ఎపినెఫ్రిన్. గాఢత 10⁻⁴ మోలార్, అంటే లీటరుకు స్వచ్ఛమైన ఎపినెఫ్రిన్ అయితే 18.3 మిల్లీగ్రాములు, బైటార్టరేట్ రూపంలో అయితే 33.3. రెంటినీ కలగాపులగం చేస్తే గాఢత దాదాపు సగమో రెట్టింపో అవుతుంది, సీసా మీది పేరు సరిగ్గా చదవండి. స్వచ్ఛమైన రూపం నీళ్లలో సరిగ్గా కరగదు కాబట్టి ముందు చాలా పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి తర్వాత సముద్రపు నీళ్లకు కలుపుతారు. అప్పటికప్పుడు కలిపి వాడాలి. ద్రావణం గులాబీ రంగుకు తిరిగితే అది పాడైంది, పారబోయండి. సిద్ధమైన లార్వాలను 1 నుంచి 2 గంటలు అందులో ఉంచి, జల్లెడ మీద పోసి మంచి నీటితో, అంటే వడపోసిన సముద్రపు నీటితో, బాగా కడగండి. ఒకటి రెండు రోజుల్లో అవి ఎక్కడా అతుక్కోకుండానే వీలం వదిలి చిన్న ఆల్చిప్పలవుతాయి. ఇది గుండెమీద పనిచేసే మందు. తొడుగులు లేకుండా ముట్టుకోకండి, డాక్టరు చీటీ అక్కర్లేని చోట కొనకండి. సిద్ధం కాని లార్వాను ఈ మందు కూడా మార్చలేదు, కన్ను, పాదం పరీక్ష ఇక్కడా తప్పదు.

మిగతా జీవులకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది

పచ్చ ఆల్చిప్పలు, అంటే మసెల్స్, ముత్యపు చిప్పలు జిగురుకు బదులు దారాలతో పట్టుకుంటాయి. దారం తెంపుకుని మరోచోటికి పోగలవు కాబట్టి వాటికి మొదటి రోజు లెక్క నమ్మదగ్గది కాదు, తాడు మీద పక్షం తర్వాత మిగిలినదే లెక్క. అబలోన్ అనే సముద్రపు నత్తకు గుల్ల పనికిరాదు, డయాటమ్ నాచు పట్టించిన పలకలు కావాలి. బార్నకిల్ దిగే దశ, సిప్రిడ్, అసలు తినదు. దానికి మేత వెయ్యడం వృథా. విశాఖ రేవులో ఓడలకూ స్తంభాలకూ పట్టే ఇలాంటి జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలోనే పి.ఎన్. గణపతి వంటివారు పని చేశారు.

రొయ్యల చెరువుల వారికి ఈ లార్వా శత్రువుగానే తెలుసు. ఏటి నీళ్లు తోడే పైపుల్లో ఆల్చిప్పలు పట్టి పంపు నీళ్లు సగానికి పడిపోవడం వారికి కొత్త కాదు. ముదిరిన ఆల్చిప్ప చిప్ప బిగించుకుని రోజుల తరబడి ఎండను, మంచినీళ్లను తట్టుకుంటుంది. మార్పు దాటి వారం కాని పిల్లకు ఆ బలం ఉండదు. అందుకని తోడే దారిలో రెండు పైపులు పక్కపక్కన వేసి, వారం వారం మార్చి వాడండి. వాడనిదాంట్లోంచి నీళ్లన్నీ పూర్తిగా తీసేసి, రెండు చివరలూ తెరిచి ఎండనివ్వండి. మధ్యలో నీళ్లు నిలిచే వంపు ఉంటే అక్కడి పిల్లలు బతికిపోతాయి, కాబట్టి వంపు దగ్గర అడుగున ఒక డ్రెయిన్ వాల్వు పెట్టించండి, ప్లాస్టిక్‌ది.